పన్నెండేళ్లు నేల మీద, పదమూడు గంటలు గాల్లో: మళ్లీ ఎగరడం మొదలుపెట్టిన ఒక పైలట్ కేసు

2024 జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పైలట్ తన ఫ్లైట్లు రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక పేజీ. చివరి వరుసలో 2012 మార్చి, సెస్నా 172ఎన్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం, అరిజోనాలోని ఫీనిక్స్ డీర్ వ్యాలీ ఎయిర్‌పోర్ట్, 1.1 గంటలు. దాని కింద గళ్లన్నీ ఖాళీ. ఫొటోకి తోడు ఒకే ఒక్క వాక్యం: "తమ్ముడూ, ఇది మళ్లీ మొదలుపెట్టొచ్చా, లేక ఓనమాల నుంచి దిద్దాలా?"

నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాల్లో మెకిన్నీ నేషనల్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఇక్కడ నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో కొత్తగా నేర్చుకునేవాళ్లు కొందరైతే, ఎప్పుడో నేర్చుకుని వదిలేసినవాళ్లు ఇంకొందరు. కథ దాదాపు ఒకటే. బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు మోజుపడి లైసెన్స్ తెచ్చుకుంటారు. తర్వాత పెళ్లి, పిల్లలు, గ్రీన్‌కార్డు లైను, ఇంటి లోను. లాగ్‌బుక్ అటకెక్కుతుంది. ఈ కేసులోని మనిషిదీ అదే దారి. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు చెప్పను. నాకంటే ఏడేళ్లు పెద్ద కాబట్టి మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలిచాను, ఇక్కడా అన్న అనే అంటాను.

వయసు 48. లైసెన్స్ 2008లో వచ్చింది. మొత్తం 118 గంటలు, అన్నీ పాత 172ల్లోనే. విరామం పన్నెండేళ్లకు రెండు నెలలు తక్కువ. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర. ఆయన కోరిక చిన్నదే: వదిననీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని ఆస్టిన్ వెళ్లి మధ్యాహ్నం భోంచేసి రావాలి.

మొదలుపెట్టొచ్చు అని జవాబిచ్చాను. అమెరికాలో ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్‌కి గడువు తేదీ ఉండదు. రాతపరీక్ష మళ్లీ రాయక్కర్లేదు. కానీ పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం తనదిగా, ఎగరాలంటే గత 24 క్యాలెండర్ నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ అయి ఉండాలి, ఆరోగ్యానికి సంబంధించిన కాగితం చెల్లుబాటులో ఉండాలి. రివ్యూకి నిబంధన అడిగేది కనీసం ఒక గంట గ్రౌండ్ (నేల మీద పాఠం), ఒక గంట ఫ్లైట్. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన మనిషికి ఆ రెండు గంటలు ఏ మూలకీ రావు. విరామం ఎన్నేళ్లయితే అన్ని గంటలు పడుతుందని మా ఇన్‌స్ట్రక్టర్లలో ఒక నాటు లెక్క ఉంది. ఆ లెక్కే చెప్పాను ఆయనకి: "పన్నెండు గంటలు అనుకోండి అన్నా." చివరికి 13.2 గంటలు పట్టింది. లెక్క భలే కుదిరిందే అనుకోకండి. గంటలు కుదిరాయి కానీ, ఆ గంటలు ఖర్చయిన చోటు మాత్రం ఇద్దరం అనుకున్నది కాదు.

కాగితం మీద భయాలు

మొదటి రోజు ఆయన్ని విమానం దగ్గరికి తీసుకెళ్లలేదు. కాఫీ తాగుతూ ఒక తెల్లకాగితం ఇచ్చి, మర్చిపోయాననుకుంటున్నవి వరసగా రాయమన్నాను, ఎక్కువ భయం ఉన్నది పైన. ఇది చాలా ఏళ్లుగా నా అలవాటు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ కోసం 1983లో చేసిన ఒక అధ్యయనం ఉంది. లైసెన్స్ వచ్చిన 8, 16, 24 నెలలకు ప్రైవేట్ పైలట్లను మళ్లీ పరీక్షించారు. నైపుణ్యం తగ్గడం వింత కాదు. ఎక్కడ తగ్గిందో ఆ పైలట్లు సరిగ్గా అంచనా వేయలేకపోవడం అసలు సంగతి. అందుకే ఆ కాగితం దాచుకుంటాను, తర్వాత పోల్చి చూసుకోవడానికి.

అన్న రాసినవి: ఒకటి ల్యాండింగ్, రెండు క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి), మూడు స్టాల్స్ (ముక్కు మరీ లేచి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం), నాలుగు నావిగేషన్. ఐదోది రేడియో. దాని పక్కన బ్రాకెట్లో "ఓకే, ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే కదా" అని రాశారు. దిగబోతూ మానేసి మళ్లీ పైకి లేచే గో అరౌండ్ ఊసే లేదు. నిర్ణయాలు, వాతావరణం లాంటి మాటా లేదు.

ఆ కాఫీ బల్ల మీదే ఆస్టిన్ ట్రిప్ ప్లాన్ చేయమన్నాను. ప్రశ్నలడిగి మార్కులేస్తే పాఠం అప్పజెబుతారు, పని ఇస్తే తెలివి బయటపడుతుంది. "నాలుగు సీట్లు, నలుగురం, ట్యాంకులు నింపుకుని వెళ్లిపోవడమే" అన్నారు. లెక్క వేయించాను. మా క్లబ్బులో ఉన్న కొత్తరకం 172ఎస్ గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు, ఖాళీ బరువు 1,680. మిగిలింది 870. వాడుకోదగ్గ ఇంధనం 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 318. అన్న 190, వదిన 150, బాబు 165, పాప 120. మనుషులే 625. ఇంధనంతో కలిపితే 943. సంచీ ఒక్కటీ పెట్టకముందే 73 పౌండ్లు ఎక్కువ. క్యాలిక్యులేటర్ రెండుసార్లు కొట్టి చూసుకున్నారు. "అప్పట్లో ముగ్గురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని సెడోనా వెళ్లొచ్చానే!" అన్నారు. అప్పుడు ఆ లెక్క వేశారా అని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

ట్రిప్ అసాధ్యమేం కాదు. సామాను 20 పౌండ్లు అనుకుంటే ఇంధనం 37 గ్యాలన్లకు దించాలి. ఆస్టిన్ సుమారు 175 నాటికల్ మైళ్లు, రెండు గంటల లోపు. గంటకి తొమ్మిది, పది గ్యాలన్లు తాగినా ఇంకా చాలా మిగులుతుంది. కాకపోతే జులైలో 38 డిగ్రీల ఎండలో మెకిన్నీ రన్‌వే 3,400 అడుగుల ఎత్తున ఉన్నట్టే ఇంజనూ రెక్కలూ పనిచేస్తాయి. నిండు బరువుతో ఆ పూట ఎక్కడం ఎలా ఉంటుందో చార్టులో చూపించాను. "అయితే అక్టోబర్లో వెళ్దాం" అన్నారు. ఆ రోజు నాకు బాగా నచ్చిన మాట అదే.

షుగర్, పేరు, చిరునామా

మెడికల్, అంటే ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్, విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. లైసెన్సున్న చాలామంది ఉత్సాహం కొద్దీ ముందు ఎఫ్‌ఏఏ గుర్తింపున్న ఏవియేషన్ డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతారు. మందులతో అదుపులో ఉన్న షుగర్ అక్కడ ప్రత్యేక అనుమతి దారిలోకి పోతుంది, నెలలు పట్టొచ్చు. 2017 మే 1 నుంచి బేసిక్‌మెడ్ అని ఇంకో దారి ఉంది. 2006 జులై 14 తర్వాత ఎప్పుడైనా చెల్లుబాటయ్యే మెడికల్ ఉన్నవాళ్లు, డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే, మామూలు డాక్టర్‌తో నాలుగేళ్లకోసారి పరీక్ష చేయించుకుని, రెండేళ్లకోసారి ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి ఎగరొచ్చు. కొన్ని గుండె, నరాల, మానసిక సమస్యలకు మాత్రం ముందుగా ఒకసారి ప్రత్యేక అనుమతి కావాలి. మెలిక ఎక్కడుందంటే, ఆఖరిసారి పెట్టుకున్న మెడికల్ దరఖాస్తు తిరస్కరణకు గురైతే బేసిక్‌మెడ్ తలుపు కూడా మూసుకుంటుంది. అందుకే ఏ ఫారం నింపకముందే పరిస్థితి తెలిసినవాళ్లతో మాట్లాడుకోవాలి. నేను డాక్టర్ని కాను, ఇంతవరకే చెప్పగలను.

అన్నకి 2008లో థర్డ్ క్లాస్ మెడికల్ ఉంది, కాబట్టి బేసిక్‌మెడ్‌కి అర్హులే. ఆయన ఫ్యామిలీ డాక్టర్ ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, విమానాల సంగతి నాకెందుకులెండి అని సంతకం పెట్టలేదు. రెండో డాక్టర్ దొరకడానికి ఆరు వారాలు పట్టింది. ఈలోపు మేం ఆగలేదు. పక్కన పైలట్ ఇన్ కమాండ్ నేనే కాబట్టి ఆయనకి మెడికల్ లేకపోయినా శిక్షణకి అడ్డు లేదు.

పేరుది మన తెలుగు సమస్య. 2008 సర్టిఫికెట్ మీద ఇంటిపేరుతో కలిపి నాలుగు ముక్కల పేరుంది. పౌరసత్వం తీసుకున్నప్పుడు రెండు ముక్కలు మిగుల్చుకున్నారు. డ్రైవింగ్ లైసెన్స్ ఒక పేరు, పైలట్ సర్టిఫికెట్ ఇంకో పేరు. పౌరసత్వ పత్రం చూపించి మార్పించుకోవాల్సి వచ్చింది. ఇక చిరునామా. ఇల్లు మారిన 30 రోజుల్లో ఎఫ్‌ఏఏకి చెప్పకపోతే ఆ తర్వాత సర్టిఫికెట్ వాడుకునే హక్కు ఉండదు. ఆయన మూడిళ్లు మారారు, ఒక్కసారీ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని.

చేతులు మర్చిపోలేదు

ఫిబ్రవరి రెండో శనివారం మొదటి ఫ్లైట్. విమానం ఆయన ఎరిగిన 172 కాదు. పాతది కార్బురేటర్ ఇంజను, గుండ్రటి మీటర్లు, దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే ఫ్లాప్స్ 40 డిగ్రీల దాకా. మాది ఇంధనం ఇంజెక్ట్ అయ్యే ఇంజను, జీ1000 అనే డిజిటల్ తెరలు, ఫ్లాప్స్ 30 డిగ్రీలే. ట్యాక్సీ చేస్తూ (నేల మీద నడుపుతూ), కాలి పెడళ్లతో తిప్పాల్సిందాన్ని కారు తిప్పినట్టు యోక్, అంటే చేతి చక్రం, తిప్పారు. వచ్చేవాళ్లంతా తిప్పుతారు, పది నిమిషాల్లో పోతుంది.

టేకాఫ్‌లో కుడి పెడల్ చాల్లేదు, ముక్కు ఎడమకి జరిగింది. మొదటి మూడు ల్యాండింగులు ఎత్తులోనే తేల్చేసి దబ్బున దించారు. మూడో ఫ్లైట్‌కి చక్కగా కుదురుకున్నాయి. స్టాల్స్ రెండో ఫ్లైట్‌లోనే బాగా చేశారు. ఎత్తు, దిశ నిలబెట్టడం నా అంచనా కంటే మెరుగు. ఆయన కాగితంలో పైనున్న మూడింటికీ కలిపి నాలుగు గంటలు కూడా పట్టలేదు. క్రాస్‌విండ్‌కి మార్చిలో టెక్సస్ గాలులే ఉచితంగా ట్యూషన్ చెప్పాయి.

చేతి జ్ఞాపకం ఎంత మొండిదో చెప్పే ముచ్చట ఒకటుంది. రెండో ఫ్లైట్‌లో డౌన్‌విండ్‌లో, అంటే దిగే ముందు రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్లే దారిలో, పవర్ తగ్గించే ముందు ఆయన చెయ్యి, కళ్లు చూడకుండానే, థ్రాటిల్‌కి (ఇంజను పవర్ నాబ్) ఎడమ పక్కకు వెళ్లి అక్కడున్న నాబ్‌ని లాగేసింది. పాత 172లో అక్కడ, కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపే కార్బ్ హీట్ ఉంటుంది. మా విమానంలో అక్కడున్నది ఆల్టర్నేట్ స్టాటిక్, స్పీడు, ఎత్తు కొలిచే పరికరాలకు గాలి పీడనాన్ని వేరే చోటి నుంచి ఇచ్చేది. లాగగానే స్పీడు, ఎత్తు అంకెలు కొంచెం తేడాగా చూపించాయి. "ఏంటి, గాలి మారిందా?" అన్నారు. "చెయ్యి చూసుకోండి" అన్నాను. నాబ్ ఇంకా రెండు వేళ్ల మధ్యే ఉంది. పన్నెండేళ్లు పోయినా ఆ చెయ్యి దాని దారి మర్చిపోలేదు, దారి చివర ఇల్లు మారిపోయిందంతే. పాత విమానం నుంచి కొత్తదానికి వచ్చేవాళ్లతో మొదటి అరగంట ఇంజను ఆపి, కళ్లు మూయించి, ఏది ఎక్కడుందో తడిమి చెప్పించడం అప్పటి నుంచే మొదలుపెట్టాను.

ఇంకో సమస్య తెరలు. తల లోపలే. 2020 జనవరి నుంచి డాలస్ చుట్టుపక్కల గగనతలంలో, విమానం తానెక్కడుందో ప్రసారం చేసే ఏడీఎస్-బీ తప్పనిసరి కావడంతో ఐప్యాడ్ మీద పక్క విమానాలు చుక్కల్లా కనిపిస్తాయి. ఆయనకి అదో వీడియో గేమ్. ఎదురుగా కిటికీలోంచి కనిపిస్తున్న విమానాన్ని ఐప్యాడ్‌లో వెతుకుతున్నారు. ఐప్యాడ్ తీసి వెనక సీట్లో పడేశాను. కుడి తెర వెలుగు తగ్గించేశాను. రెండు ఫ్లైట్లలో చూపు బయటికొచ్చింది.

చూసుకోండి అంటే ఏమిటి

కాక్‌పిట్‌లో మేం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. హాయిగా ఉంటుంది, నిజమే. మూడో ఫ్లైట్‌లో ప్రాక్టీస్ ఏరియాలో నేను ఒక మలుపు చూపించి "ఇక చూసుకోండి అన్నా" అని చేతులు తీసేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. రెండు మూడు క్షణాలు విమానాన్ని ఎవరూ పట్టుకోలేదు. ట్రిమ్ (చేతులు తీసేసినా విమానం నిలకడగా పోయే సర్దుబాటు) బాగుంది, ఏమీ కాలేదు. కానీ నా మాట తప్పు. చూసుకోండి అంటే మీరు నడపండి అనా, చుట్టూ జాగ్రత్తగా చూడండి అనా? తెలుగులో రెండూ అవుతుంది. ఇంట్లో ఆ అస్పష్టతతో కాపురాలు సాగిపోతాయి, విమానంలో సాగదు.

ఆ రోజు నుంచి కంట్రోల్స్ మార్చుకోవడం ఇంగ్లీషులోనే, మూడు ముక్కల్లో: యూ హ్యావ్ ద కంట్రోల్స్, ఐ హ్యావ్ ద కంట్రోల్స్, యూ హ్యావ్ ద కంట్రోల్స్. ఇది ప్రతి ఇన్‌స్ట్రక్టర్ మొదటి రోజు నేర్పేదే. మనవాడే కదా అనే చనువులో నేనే వదిలేశాను. దానితో పాటు ఇంకో నియమం: ఎయిర్‌పోర్ట్ పది మైళ్ల దూరంలో ఉన్నప్పటి నుంచి రన్‌వే దిగేదాకా కబుర్లు బంద్.

గో అరౌండ్

నాలుగో ఫ్లైట్. రన్‌వే 18, ఫ్లాప్స్ 30, స్పీడు 65 నాట్లు. ల్యాండింగ్ చక్కగా వస్తోంది. అరవై అడుగుల దగ్గర "గో అరౌండ్" అన్నాను. ముందు చెప్పలేదు.

థ్రాటిల్ పూర్తిగా నెట్టారు, ఆలస్యం లేదు. ల్యాండింగ్‌కి ట్రిమ్ చేసిన విమానం కాబట్టి పవర్ రాగానే ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది. దాన్ని గట్టిగా కిందికి నొక్కిపట్టాలి. అదే సమయానికి కుడి కాలు కావాలి. ఆయన చెయ్యి థ్రాటిల్ నుంచి నేరుగా ఫ్లాప్ లివర్ మీదికి పోయి, ఒక్క ఊపులో 30 నుంచి సున్నాకి తోసేసింది. 172ఎస్‌లో ముందు 20కి తేవాలి, 60 నాట్లు దాటి ఎక్కుతున్నాక 10, ఆ తర్వాతే సున్నా. స్పీడు 58, 56, 54. స్టాల్ హారన్ సన్నగా మొదలైంది. ఫ్లాప్స్ లోపలికి పోతుంటే విమానం కిందికి జారుతోంది, ముక్కు ఎడమకి తిరుగుతోంది. "ఐ హ్యావ్ ద కంట్రోల్స్." ముక్కు దించి, కాలు నొక్కి, నేలకి సమాంతరంగా పట్టి స్పీడు తెచ్చాను. మొత్తం ఎనిమిది, తొమ్మిది సెకన్లు. నా అరచేతులు చెమట పట్టాయని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

కిందికి దిగాక గో అరౌండ్ ఎలా చేస్తారని అడిగాను. వరస తప్పకుండా, మధ్యలో ఆగకుండా అప్పజెప్పారు. ఫ్లాప్స్ మెట్లు మెట్లుగా తీయాలనీ చెప్పారు. "మరి ఇందాక?" అంటే, "ఏదో ఒకటి వెంటనే చెయ్యాలనిపించింది తమ్ముడూ, చేతికి అందింది చేశాను" అన్నారు. పాఠం నోటికి వచ్చు. టెన్షన్‌లో దాని వరస చెదిరిపోయింది. ల్యాండింగ్ ప్రతి ఫ్లైట్‌లో ఐదారుసార్లు చేస్తాం, అందుకే త్వరగా తిరిగొస్తుంది. 118 గంటల పాత లాగ్‌బుక్‌లో గో అరౌండ్‌లు పది పన్నెండుకి మించి ఉండవు. లోతుగా నాటుకోనిది ముందుగా పోతుంది.

మందు ఇంట్లోనే దొరికింది. కాక్‌పిట్ బొమ్మ పెద్ద సైజులో ప్రింట్ తీసి గోడకి అంటించి, ముందు కుర్చీ వేసుకుని రోజూ పదిసార్లు చేతులతో చేయమన్నాను. వాళ్ల పాపకి ఈ ఆట నచ్చింది. నాన్న అన్నం తింటున్నా సరే, వంటింట్లోంచి "గో అరౌండ్!" అని అరిచేది. ఆయన కంచం ముందే ఎడమ చేత్తో ముక్కు నొక్కి, కుడి చేత్తో లేని లివర్‌ని ఒక్క మెట్టు పైకి తీసి, స్పీడు పైకి చెప్పాలి. రెండు వారాల తర్వాత ఆరుసార్లు గో అరౌండ్ చేయించాను. ఆరూ శుభ్రంగా వచ్చాయి.

నేను కప్పేసిన తుప్పు

ఈ కేసులో నా పెద్ద పొరపాటు ఇక్కడుంది.

ఏప్రిల్ మొదటి వారం నాటికి అన్నీ బాగున్నాయనిపించింది, ఇంకో రెండు ఫ్లైట్లలో సంతకం పెట్టేయొచ్చు అనుకున్నాను. 8న సూర్యగ్రహణం. డాలస్ సంపూర్ణ గ్రహణం దారిలో పడటంతో ఆ రోజు ఎయిర్‌పోర్టులు కిటకిటలాడతాయని ఎగరే ఆలోచనే పెట్టుకోలేదు. ఈ సంగతి తెలియని వదిన నాకు ఫోన్ చేసి, గ్రహణం పూట గాల్లోకి పోతే ఊరుకోనని ముందే చెప్పేశారు. అలా దొరికిన ఖాళీలో, అప్పటిదాకా చేసిన ఫ్లైట్ల కాక్‌పిట్ రికార్డింగులు తీరిగ్గా విన్నాను. ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ టవర్‌తో మాటల్లో సగానికి పైగా నా గొంతే. ఆయన ఒక్క క్షణం తడబడితే నేను మైకు అందుకుంటున్నాను. ఒక్కోసారి తడబడకముందే. ఇది సాయం అనుకున్నాను. ఆయన కాగితంలో "ఓకే" అని రాసిన రేడియోని నేనూ ఓకే అనుకుని పరీక్షించలేదు.

తర్వాతి ఫ్లైట్‌లో నోరు కట్టుకుని కూర్చున్నాను. ఎడమ డౌన్‌విండ్‌లో ఉన్నాం. టవర్ అంది: "ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్, ఐ విల్ కాల్ యువర్ బేస్." అంటే నేరుగా పోతూనే ఉండు, రన్‌వే వైపు మలుపు (బేస్) ఎప్పుడో నేను చెబుతాను అని. మా అన్న కాల్‌సైన్‌తో (విమానం పిలుపు పేరు) సహా తిరిగి చెప్పారు, ఒక్క అక్షరం తప్పు పోలేదు. పవర్ తగ్గించారు, ఫ్లాప్స్ 10 పెట్టారు. రన్‌వే అంచు భుజం వెనక 45 డిగ్రీలకు రాగానే, ఎప్పటిలాగే, ఎడమకి వంచి బేస్ తిప్పడం మొదలుపెట్టారు. ఫైనల్ మీద, అంటే రన్‌వేకి నేరుగా దిగే దారిలో, ఒక జెట్ వస్తోంది. కంట్రోల్స్ తీసుకుని రెక్కలు సమం చేశాను. "టవర్ ఏమంది అన్నా?" రెండు సెకన్లు ఆలోచించి, మొహం పాలిపోయి, "ఎక్స్‌టెండ్ చెయ్యమంది" అన్నారు.

మాట చెవికి చేరింది, నోటితో తిరిగి బయటికీ వచ్చింది, మధ్యలో మెదడు దాన్ని పట్టించుకోలేదు. ఫ్లాప్స్, స్పీడు, దూరం చూసుకోవడంలోనే మెదడు నిండిపోయింది. రోజూ ఎగిరేవాడికి అవి శ్రమ లేకుండా జరిగిపోతాయి, వినడానికి చోటు మిగులుతుంది. విరామం నుంచి వచ్చినవాడికి చేతులు సరిగ్గా పనిచేస్తున్నా, ఆ పని ఖరీదు ఇంకా ఎక్కువే. బయటి నుంచి చూసేవాడికి చేతులే కనిపిస్తాయి. ఆఫీసు ఇంగ్లీషుకి దీనితో ఏ సంబంధమూ లేదు.

ఆఫీసుకి వెళ్తూ వస్తూ టవర్ల మాటలు ఆన్‌లైన్‌లో వినిపించే లైవ్ ఏటీసీలో మెకిన్నీ టవర్ వినమన్నాను. ఊరికే వినడం కాదు, ఏ విమానానికి ఏం చెప్పారో విని, ఆ పైలట్ ఇప్పుడు ఏం చెయ్యాలో పైకి అనాలి. విమానంలో ఇంకో అలవాటు పెట్టాం: టవర్ మామూలు కానిది ఏది చెప్పినా, తిరిగి చెప్పాక, పని చేసే చేతిని ఒక్క క్షణం ఆపి "కాబట్టి నేను..." అని వాక్యం పూర్తిచేయాలి. "కాబట్టి నేను నేరుగా పోతూనే ఉంటాను." ఇది మాత్రం తెలుగులోనే. మూడు గంటల ఫ్లైట్ టైమ్ దీనికే పోయింది. ఆయన కాగితంలో ఐదో స్థానం.

టెక్సస్‌లోని పారిస్

మే మొదట్లో క్రాస్ కంట్రీకి, అంటే దూరంగా ఇంకో ఎయిర్‌పోర్ట్‌కి ఎగిరే ఫ్లైట్‌కి, పారిస్ వెళ్లాం. టెక్సస్‌లో ఆ పేరుతో ఒక ఊరుంది, ఎర్ర కౌబాయ్ టోపీ పెట్టుకున్న బుల్లి ఐఫిల్ టవర్ ఉంది. మెకిన్నీకి తూర్పు, ఈశాన్యంగా అరవై మైళ్ల చిల్లర. అక్కడి ఎయిర్‌పోర్ట్‌కి టవర్ లేదు. అన్న నేర్చుకున్నది డీర్ వ్యాలీలో, ఎప్పుడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉండే చోటు. ఎవరూ ఏమీ చెప్పని చోట మొదట బిక్కమొహం వేశారు, తర్వాత సర్దుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పడమరన మబ్బులు దిగుతున్నాయి. సాయంత్రం ఐదింటికి పాప కూచిపూడి రిహార్సల్. 3,500 అడుగుల్లో బయల్దేరిన మనిషి 2,500కి దిగారు. కాసేపటికి ఇంకొంచెం. "పది నిమిషాలు ఓర్చుకుంటే అవతల క్లియర్‌గానే ఉంటుంది" అన్నారు. నేను మాట్లాడలేదు. రెండు వేల అడుగుల దగ్గర, కింద పొలాల్లో ఒక సెల్ టవర్ మా రెక్క కిందుగా పోతుంటే, అప్పుడడిగాను: "ఈ సీట్లో నేను కాకుండా పాప ఉంటే?"

జవాబు చెప్పలేదు. నూట ఎనభై డిగ్రీలు తిప్పి పారిస్‌కే పోయారు. ఆరున్నర దాకా అక్కడే కూర్చున్నాం. రిహార్సల్ పోయింది, వదినతో ఫోన్లో పడ్డ చీవాట్లు నాకూ వినిపించాయి. ముప్పై ఏళ్ల వయసులో ఎగిరినప్పుడు ఆయన కోసం ఐదింటికి ఎవరూ ఎదురుచూసేవారు కాదు. విరామం తర్వాత వచ్చేవాళ్లలో నైపుణ్యం ఎంత తగ్గిందని అందరం కొలుస్తాం. జీవితంలో ఒత్తిడి ఎంత పెరిగిందో ఎవరూ కొలవరు. నన్నడిగితే ఆ రోజు పారిస్‌లో మెషీన్ కాఫీ తాగుతూ గడిపిన రెండున్నర గంటలు మొత్తం శిక్షణలో అన్నిటికంటే విలువైన గ్రౌండ్ స్కూల్.

అక్కడే కాగితం వెనక సొంత హద్దులు రాసుకున్నారు. క్రాస్‌విండ్ 7 నాట్లు. మబ్బుల అడుగు 3,000 అడుగుల కంటే కిందుంటే వెళ్లకూడదు. విజిబిలిటీ 6 మైళ్లు. దిగేటప్పటికి గంటన్నర ఇంధనం మిగలాలి, నిబంధన పగటిపూట అరగంటే అడిగినా సరే. మొదటి పది గంటలు ఒంటరిగానే. ఏ రోజు ఎగిరినా ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ ఏ టైమూ మాటివ్వకూడదు. ఈ చివరిది ఆయన సొంత కవిత్వం, నేను చెప్పింది కాదు.

సంతకం తర్వాత

మే 25న రివ్యూ సంతకం పెట్టాను. ఫ్లైట్ 13.2 గంటలు, గ్రౌండ్ సుమారు 8 గంటలు, పది ఫ్లైట్లు. మొదటి నెల రెండు వారాలకో ఫ్లైట్ పెట్టడం నా తప్పే, ప్రతిసారీ సగం టైమ్ పోయినసారి మరిచింది గుర్తుచేసుకోవడానికే పోయింది. వారానికి రెండు పెడితే ఒకటి రెండు గంటలు తగ్గేవేమో. విమానం అద్దె, నా ఫీజు కలిపి ఖర్చు మూడు వేల డాలర్లు దాటింది.

చట్టం ప్రకారం ఆ మర్నాడే కుటుంబాన్ని ఎక్కించుకోవచ్చు. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు అనే నిబంధన నాతో చేసినవాటితోనే ఎప్పుడో తీరిపోయింది. ఆయన పది గంటలు ఒంటరిగా తిరిగారు. ఆగస్టులో ఒక ఉదయం ఏడింటికి మెసేజ్: "క్రాస్‌విండ్ 9. విమానం తాళాలు వెనక్కిచ్చేసి ఇడ్లీకి పోతున్నా." అక్టోబర్ రెండో వారంలో ఆస్టిన్ వెళ్లొచ్చారు, 37 గ్యాలన్లతో. దిగుతుంటే ముందు ఇంకో విమానం ఉందని టవర్ గో అరౌండ్ చెప్పిందట. వెనక సీట్లోంచి పాప కూడా అరిచిందట.

రాత్రి ఎగరడం ఇంకా మొదలుపెట్టలేదు. రాత్రి మనుషుల్ని ఎక్కించుకోవాలంటే ల్యాండింగులు వేరే లెక్క, పూర్తిగా ఆగి చేయాలి. పైగా ఆయనకి ఈమధ్యే కళ్లజోడు నంబరు మారింది. నవంబర్లో గడియారాలు వెనక్కి తిప్పాక, చీకటి త్వరగా పడుతుంది కాబట్టి, అప్పుడు చూద్దాం అన్నాను. ఈసారి కూడా ముందు తెల్లకాగితమే.